తీసివేతలో మనోళ్లు

ఆ తుమ్మమొద్దు అడుగుకు తోయ్‌రా చిన్నోడా, కందికట్టె ఎంతసేపు మండుతాది! మీరంతా దగ్గరికి జరగండి. పాప అడిగినదానికి ఒగ మాటలో జవాబు చెప్పి ఊరుకోలేను. అందుకే సంగటి తిన్నాక అందర్నీ ఈడికి పిలిచినా.

పాప అడిగింది ఇది. బెంగుళూర్లో దీని ఆఫీసులో పనిచేసే ఇంగ్లండు పిల్ల ఒగతి, వాళ్ల ముత్తాతకు తాతను 1881 జనాభా లెక్కల పుస్తకంలో చూసుకొనిందంట. ఆ యప్ప సేద్యం పనిలో కూలోడు. పేరు, వయసు, పెండ్లాం పేరు, పిల్లోళ్ల పేర్లు, పుట్టిన ఊరు, అన్నీ ఉండాయంట. మనోళ్లు కూడా అప్పుడు కూలోళ్లే కదా తాతా, మన పేర్లు యాడ దొరుకుతాయి అని అడిగింది.

ఆ పుస్తకాల్లో దొరకవు పాపా. అది ముందే చెప్తాండా, మళ్ల ఆశ పెట్టుకోవద్దు. ఇంగ్లండులో 1841 నుంచి పదేండ్లకొగసారి ఇంటింటికీ పోయి పేర్లు రాసినారు, రాసిన పుస్తకాలు భద్రంగా దాచినారు. నూరేండ్లు నిండినాక ఎవరైనా తీసి చూసుకోవచ్చు. 1881 ఏప్రిల్ 3 రాత్రి ఏ పల్లెలో ఏ కూలోడు ఏ కప్పు కింద పండుకున్యాడో ఈ పొద్దు కూడా తెలుస్తాది. ఆ యప్పకు గుంట నేల ఉండదు, చేవ్రాలు రాదు, అయినా పేరు నిలిచింది.

అదే ఏడు, దానికి నెలన్నర ముందే, ఫిబ్రవరి 17న మన కడప జిల్లాలో కూడా లెక్క ఎత్తినారు. ఆడా ఈడా ఒగటే రాణి. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో, వాటి కింద పల్లెపల్లెలో కరణాలు కాయితాలు పట్టుకొని తిరిగినారు. పేర్లు రాసినారు కూడా. కానీ కూడికలు అయిపోయినాక ఆ కాయితాలతో దొరలకు పని లేకపోయె. మొత్తాలు అచ్చేసుకొని, పేర్లున్న కాయితాలను పారేసిరి. ఆడ కూలోడు పేరుతో మిగిలె, ఈడ కూలోడు అంకెలో కలిసిపాయె. నేను బడి అయ్యవారుగా ఉన్నప్పుడు ఆ పాత రిపోర్టులు దొరికినకాడికి చదివినా. చదివినప్పుడల్లా ఆ అంకెల్లో మనోళ్లు యాడ ఉండారా అని వెతుక్కునేవాణ్ణి. ఒగచోట దొరికిరి. అది చెప్పాలంటే ముందు ఇల్లు ఎట్లుండెనో చెప్పాల.

మా అబ్బ నాకు పదేండ్లు వచ్చేదాకా బతికి ఉండె. ఇప్పుడు నేను చెప్పేదంతా ఆ యప్ప నోట విన్నదే. ఆయనకు తన వయసు సరిగ్గా తెలీదు. ప్రజోత్పత్తిలో పుట్టినానో ఆంగీరసలో పుట్టినానో అనేవాడు. అంటే 1871, 72 అనుకోండి. మన దిక్కున మొదటిసారి పద్ధతిగా అందర్నీ లెక్కపెట్టింది కూడా ప్రజోత్పత్తిలోనే, 1871 నవంబరు 15న. ఆ పొద్దుకు మా అబ్బ తల్లి కడుపులో ఉండెనో ఒళ్లో ఉండెనో ఎవరికి తెలుసు!

పెన్న ఒడ్డున, జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ నడుమ ఊరు. ఊరికి ఎడంగా పేట, పేటలో ఒగ బోదకొట్టం. అందులో ఆరుమంది. మా అబ్బ నాయన, అమ్మ, నాయనకు తమ్ముడు, మా అబ్బకు అక్క, మా అబ్బ, ఒగ చంటిబిడ్డ. మా అబ్బ నాయన ఒగ రైతు కాడ జీతగాడు. ఉగాదికి జీతం కుదిరితే మళ్ల ఉగాది దాకా ఆ ఇంటి మనిషే. ఏడాదికి ఇన్ని తూముల జొన్నలు, ఒగ కంబడి, ఒగ పంచె, ఒగ జత చెప్పులు. పెండ్లికి తీసుకున్న అప్పు జీతంలో పట్టుకుంటాండిరి. ఒగ ఏడు తీరనిది ఇంకో ఏటికి పోతాండె, అట్లనే జీతం కూడా ఇంకో ఏటికి పోతాండె.

పని ఎట్లుండెనో మీకు తెలీదు, మీరు కరెంటు మోటార్లు చూసినోళ్లు. రైతుకు బాయి కింద తోట ఉంటే తెల్లార్జామున చుక్క పొడవకముందే కపిల కట్టాల. తోలు బాన బాయిలోకి దించి, ఎద్దుల్ని వాలులోకి తోలాల. ఎద్దులు కిందికి దిగేటప్పుడు మనిషి మోకు మీద కూచుంటాడు, ఆ బరువు కూడా ఎద్దులకు సాయం. బాన పైకొచ్చి నీళ్లు తొట్లో పడతాయి. మళ్ల ఎద్దుల్ని ఎనక్కి నడిపించాల, మళ్ల బాన దించాల. ఎండ ముదిరేదాకా ఇదే. మోకు మీద కూచొని కూచొని తొడల కాడ తోలు గట్టిపడిపోయిందని మా అబ్బ వాళ్ల నాయన గురించి చెప్పేవాడు. సాయంత్రం మెట్టచేలకు పోవాల. మనది నల్లరేగడి. వాన పడితే కాలు పెట్టలేం, ఎండితే చెయ్యి దూరేంత బీటలు. జొన్న, కొర్ర, పత్తి, కంది, అన్నీ ఆ పైవాన మీదనే.

ఆడోళ్లకు జీతం లేదు, దినకూలే. కలుపు, కోత, పత్తి తీయడం. కూలి గింజల్లోనే. తీసిన పత్తిలో ఇంత భాగమని ఇస్తాండిరి. మా అబ్బ పుట్టకముందు, 1861 నుంచి 65 దాకా అమెరికాలో వాళ్లలో వాళ్లకు యుద్ధం వచ్చె. ఆడి పత్తి ఇంగ్లండు మిల్లులకు రాకుండా ఆగిపాయె. అప్పుడు మన పత్తికి ఎప్పుడూ లేని ధర వచ్చె. సావుకార్లు బాగుపడిరి, నేలున్న రైతులు కొందరు మిద్దెలు కట్టిరి. జీతగాని జొన్నలు మాత్రం ఒగ తూము గూడా పెరగలేదు.

నీలి పని కూడా ఉండె. ప్రొద్దుటూరు దిక్కున నీలిచెట్టు విపరీతంగా ఏస్తాండిరి. కోసిన చెట్టును తొట్లలో నానేసి, ఆ నీళ్లలో మనుషులు దిగి కొట్టాల. మా అబ్బ చిన్నాయన, అంటే ఆ కొట్టంలో ఉన్న నాయన తమ్ముడు, నీలి తొట్లకాడ పని చేసేవాడు. ఆయన్ను గుర్తుపెట్టుకో పాపా, మళ్ల వస్తాడు.

ఇంక ధాత కరువు.

1876 ధాత నామ సంవత్సరం. ఆ ఏడు ముంగారి వాన రాలేదు, ఎనక వాన కూడా రాలేదు. మన కడప, కర్నూలు, బళ్లారి, ఈ దత్త మండలాల్లో నేల నేలంతా ఎండిపాయె. కరువొస్తే మొదట దెబ్బ తగిలేది ఎవరికి? నేలున్నోనికి గాదెలో కొంచెం ఉంటాది, నగ ఉంటాది, అప్పు పుడతాది. జీతగానికి ఏముంది! రైతు చెప్పె, ఈ ఏడు ఎద్దులకే మేత లేదు, నిన్నెట్ల సాకేది పో నాయనా అని. ఏడాదంతా ఆ ఇంటి మనిషి అనుకున్నోడు ఆ పొద్దు ఎవరి మనిషీ కాకపాయె.

మదరాసు నుంచి బొంబాయి పోయే రైలు అప్పటికే మన ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా నడుస్తాండె. ధాన్యం రైల్లో వచ్చేది. కొనేదానికి రూకలు యాడివి? కూలిని గింజల్లో తీసుకునే మనిషి చేతికి రూక ఎప్పుడు వచ్చె గనక! గింజ పండకపోతే కూలి లేదు, కూలి లేకపోతే బస్తాలు ఎదురుగా పోతాన్నా చూస్తా కూచోవాల్సిందే. ఈ మాట నేను పిల్లోళ్లకు బళ్లో కూడా చెప్పినా. కరువంటే గింజ లేకపోవడం ఒగటే కాదురా, గింజ కొనే శక్తి లేకపోవడం కూడా అని.

వాళ్లేం తినిరి అంటే, గురుగాకు, చెంచలాకు ఉన్నన్ని దినాలు ఆకు. అది అయిపాయె. నాగతాళి పండ్లు, ముండ్లు రుద్ది. తుమ్మకాయలు. కిత్తనార గడ్డ తవ్వుకొని ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్ల ఉడకబెట్టి. చీమల పుట్టలు తవ్వి, లోపల చీమలు దాచుకున్న గింజలు చెరుగుకునిరి. మా అబ్బ ఈ ముక్క చెప్పేటప్పుడు ఆగిపోయేవాడు. ముసలితనంలో కూడా సంగటి తినేటప్పుడు కింద పడిన మెతుకును ఏలితో అద్ది నోట్లో పెట్టుకునేవాడు.

సర్కారు పనులు పెట్టె. రోడ్లకు రాళ్లు కొట్టడం, చెరువు కట్టలకు మన్ను మోయడం. మా అబ్బ అమ్మా నాయనా చిన్నాయనా ముగ్గురూ రోడ్డు పనికి పోయిరి, పిల్లోళ్లను ఎంటబెట్టుకొని. ఇప్పుడు ఇంకో సంగతి వినండి. 1877 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు చేసి విక్టోరియా రాణిని హిందూదేశానికి చక్రవర్తిని అని చాటినారు. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ అనే దొరను మదరాసుకు పంపినారు, కరువు ఖర్చు తగ్గించి రమ్మని. ఆయన వచ్చి ఏం చేసినాడంటే, మగమనిషికి దినానికి ఒగ పౌను గింజలు, పైన ఒగ అణా చాలన్నాడు. ఆడోళ్లకు, పిల్లోళ్లకు ఇంకా తక్కువ. పౌను అంటే 450 గ్రాములు. ఎండలో పొద్దంతా రాళ్లు కొట్టే మనిషికి 450 గ్రాములు!

దీనికి అడ్డం తిరిగింది ఇంకో దొరే. విలియం రాబర్ట్ కార్నిష్ అని డాక్టరు, మదరాసు రాజధానికి ఆరోగ్య శాఖ పెద్ద. ఈ తిండితో పనిచేసే మనిషి బతకడు, ఒగటిన్నర పౌను గింజలు కావాల, పైన పప్పూ కూరా కావాల అని పట్టుబట్టినాడు. ఆ యప్ప కొట్లాడితే మార్చిలో ఆయన అడిగినదాంట్లో సగం మేరకు కూలి పెంచినారు. 570 గ్రాముల గింజలు, కొంచెం పప్పు. ఈ డాక్టరు గురించి ఎందుకు చెప్తాండానంటే, 1871 లెక్కలన్నీ కూర్చి మదరాసు రిపోర్టు రాసింది ఆయనే. ఎంతమంది బతికి ఉండారో ఆయన చేత్తోనే రాసినాడు. ఆరేండ్లు తిరక్కముందే వాళ్లే కండ్ల ముందర రాలిపోతాంటే చూసినాడు. అంకెల ఎనక మనుషులు ఉండారని ఆయనకు తెలుసు. 1878 మార్చిలో కొన్ని చోట్ల పరీక్షకని మళ్ల లెక్క ఎత్తినారు, ఎంతమంది తగ్గినారో చూద్దామని. దొరతనం మీద నాకు ప్రేమ లేదు, కానీ ఆ డాక్టరు పేరు మీరు తెలుసుకోవాల.

మావోళ్లకు ఆ పెంచిన కూలి అందెనో లేదో, అందేలోపలే జరగాల్సింది జరిగిపాయె. పనికాడ కలరా పడె. మా అబ్బ నాయన పొద్దున సుత్తి పట్టినాడంట, మాపటికి లేడు. నాలుగు దినాలకు చంటిబిడ్డ పోయె, దానికి పాలు లేక. చిన్నాయన అన్నను పూడ్చిపెట్టి, వదినను, పిల్లోళ్లను పులివెందుల దిక్కున ఆమె పుట్టినూరికి చేర్చినాడు. ఆడేముంది, ఆ దిక్కు నేల మనకన్నా ఎండు. ఆడ కొన్నాళ్లు బాయి తవ్వే పని చేసి, ఒగ పొద్దు మదరాసు పోతాండా వదినా, రూకలు పంపిస్తా అని చెప్పి పోయినాడు. మళ్ల రాలేదు. రూకలూ రాలేదు.

కరువు తీరినాక ఆమె ఇద్దరు పిల్లోళ్లను తీసుకొని మళ్ల పెన్న ఒడ్డుకే వచ్చె. పేటలో సగం కొట్టాలు కూలి ఉండెనంట.

1881 లెక్క ఎత్తింది ఆ పేటలోనే. మాఘమాసం, పున్నమి పోయి మూడు దినాలు, జొన్నచేలు కోతల్లో ఉండె. అప్పటికి మా అబ్బకు తొమ్మిదేండ్లు, చూసిందంతా గుర్తుండె. కరణం పేటలోకి రాలేదు. బయట యాపచెట్టు కాడ నిలబడి తలారి చేత పిలిపించినాడు. తలకాయలు లెక్కపెట్టి తల పన్ను ఏస్తారని పుకారు, కొందరు చేలల్లోకి పారిపోయిరి. ఇంటికి పెద్ద ఎవరు అని కరణం అడిగె. మా అబ్బ అమ్మ పలకలేదు. మొగుని పేరు ఆడమనిషి నోటితో చెప్పకూడదు, చచ్చిపోయినా చెప్పకూడదు. తలారే మా అబ్బను ముందుకు తోసి, ఈడేనయ్యా పెద్ద అన్నాడంట. వయసు? పదేసుకోండయ్యా. పని? పసులకాడ జీతం. ఆమె వయసు ముప్పై అని, అక్క వయసు పదిహేను అని రాసుకున్యాడు. ఆ కాలం లెక్కల్లో వయసులన్నీ అంతే, పదులూ అయిదులే ఎక్కువ. ఇల్లు కప్పు? బోద. అయిపాయె, ఇంకో ఇల్లు. తొమ్మిదేండ్ల పిల్లోడు ఇంటిపెద్ద అని రాసిన ఆ కాయితం ఈ పొద్దు ఉండింటే, పాపా, నేను దాన్ని పటం కట్టించి గోడకు పెట్టుకునేవాణ్ణి.

ఇంక అంకెలు. 1871లో కడప జిల్లా జనం 13,51,194. 1881లో 11,21,038. అప్పటి జిల్లా ఇప్పటిది కాదు, మదనపల్లె, వాయల్పాడు, కదిరి కూడా మనలోనే ఉండె. పదేండ్లలో జనం పెరగాల్సింది పోయి 2,30,156 మంది తగ్గిరి. ఆరుమందిలో ఒగరు. దీంట్లో చచ్చినోళ్లు ఉండారు, దేశం పోయినోళ్లు ఉండారు. పుట్టాల్సి పుట్టనోళ్లు, ఆ చంటిబిడ్డ మాదిరి రెండు లెక్కల నడుమ పుట్టి పోయినోళ్లు ఈ తీసివేతలో కూడా కనపడరు. మా అబ్బ నాయన, మదరాసు పోయిన చిన్నాయన, ఇద్దరూ ఆ రెండు లక్షల ముప్పై వేలలో ఉండారు. మనోళ్లు దొరికిన చోటు అదే. కూడికలో కాదు, తీసివేతలో.

1891లో 12,72,072. 1901లో 12,91,267. ఆ 1901 లెక్క మార్చి 1న ఎత్తినారు, రాణి అప్పటికి అయిదు వారాల కింద చచ్చిపోయింది. అంటే ముప్పై ఏండ్లయినా, రాణి కాలం ముగిసిపోయినా, 1871లో ఉన్నంత జనం మన జిల్లాలో మళ్ల లేరు. కాలవ వచ్చె, సుంకేసుల నుంచి తుంగభద్ర నీళ్లు కె.సి. కెనాల్‌లో ప్రొద్దుటూరు దాకా వచ్చె. దాన్ని తవ్వించిన కంపెనీ దివాలా తీసే గతికి వస్తే 1882లో సర్కారు కొనుక్కునె. కాలవ కింద వరి పండె. మా అబ్బ పెద్దయి కొన్నేండ్లు నీలి తొట్లకాడికి పోయె, ఆ పని కూడా నిలవలేదు. 1897లో జర్మనీ వాళ్లు మందులతో నీలి తయారుచేసి అమ్మబట్టిరి, కొన్నేండ్లలో మన దిక్కు తొట్లు ఎండిపాయె. మళ్ల జీతమే.

పేరు దొరికే దారులు రెండుండాయి, అవి చెప్తా.

ఒగటి మిషను పుస్తకాలు. లండన్ మిషను వాళ్లు మన జిల్లాలో ఎక్కువ పనిచేసింది మాలపేటల్లోనే. జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి వాళ్లు పెట్టిందే. బాప్తిస్మం ఇచ్చిన ప్రతి మనిషినీ వాళ్లు పుస్తకంలో రాసేవాళ్లు. కొత్త పేరు, పాత పేరు, తండ్రి పేరు, ఊరు. మా అబ్బ అక్కను ఇచ్చిన ఇంటోళ్లు ఆ మతంలో కలిసిరి. అందుకే ఆమె సంతానం పేర్లు తేదీలతో సహా తెలుస్తాయి, మన కొట్టం పేర్లు తెలీవు. ఆ పుస్తకాలు చెదలు పట్టకముందే పోయి చూడాల, నువ్వు అడిగితే చూపిస్తారు.

రెండోది ఓడల పుస్తకాలు. మదరాసు రేవు నుంచి కూలోళ్లను చెరుకు తోటలకు ఎక్కించేవాళ్లు. దక్షిణాఫ్రికాలో నెటాల్‌కు మొదటి ఓడ, ట్రూరో దాని పేరు, 1860 నవంబరు 16న డర్బన్‌లో దిగింది. 1911 దాకా ఒగ లక్షా యాభైరెండు వేల మంది పోయినారు, అందులో ఎక్కువమంది మదరాసు నుంచి ఎక్కినోళ్లే, తెలుగోళ్లు బాగా ఉండారు. ఆ పుస్తకాల్లో ఒక్కో మనిషికి ఒగ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసినారు. ఒంటి మీద మచ్చలు కూడా. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న గుర్తులు అవి. అయినా మనకు ఈ పొద్దు అవే దిక్కు. మారిషస్‌కు పోయినోళ్లకైతే ఫోటోలు కూడా తీసినారు, ఆ దేశంలో దాచి ఉండారు. ఊర్లో ఉన్నోని పేరు పోయె, సముద్రం దాటినోని పేరు నిలిచె.

నువ్వు కంప్యూటర్లో వెతికేదానివి గనక చెప్తాండా. మా అబ్బ చిన్నాయన పేరు, ఆయన తండ్రి పేరు పొద్దున రాసిస్తా. పేరును నమ్ముకోవద్దు, మదరాసు గుమాస్తా చెవికి ఎట్ల వినపడితే అట్ల ఎక్కించింటాడు. 1877 నుంచి మూడు నాలుగేండ్ల ఓడలు చూడు. జిల్లా కడప అని ఉంటాది. తాలూకా జమ్మలమడుగు అన్నా చెప్పింటాడు, చివరికి ఉన్నది గనక పులివెందుల అన్నా చెప్పింటాడు, రెండూ చూడు. వయసు ఇరవై, ఇరవై రెండు. మనిషి పొడుగు. మచ్చల గడిలో ఎడమ మోకాలి కింద కొడవలి గాటు ఉందేమో చూడు, జొన్నకోతలో తెగిందని మా అబ్బ చెప్పేవాడు.